అత్తయ్య అనే టెస్టు

పెద్దకోడలికి అనుమానం ఇంట్లో గుణం, ఆఫీసులో ఉద్యోగం. ఇంట్లో అందుకు మాటలు పడుతుంది, ఆఫీసులో అందుకే జీతం తీసుకుంటుంది. ఒకే బుద్ధికి ఒకచోట దండన, ఇంకోచోట దండ. పాపం ఆ మనిషి మాత్రం ఏం చేస్తుంది, గుమ్మం దగ్గర విడిచిపెట్టడానికి బుద్ధేమైనా చెప్పులా?

ఆమె పనిచేసే కంపెనీ ఒక పెద్ద ఆసుపత్రికి ఫోన్లో వాడుకునే యాప్ చేసిపెట్టింది. డాక్టర్ని కలవడానికి సమయం తీసుకోవడం, మందులు ఇంటికి తెప్పించుకోవడం, అన్నీ అందులోనే. దాన్ని తయారుచేసేవాళ్ళు మూడో అంతస్తులో ఉంటారు. వాళ్ళు చేసినదాంట్లో తప్పులు పట్టేవాళ్ళు రెండో అంతస్తులో ఉంటారు. తప్పులు పట్టే జట్టుకి ఈమె పెద్ద. ఆ వృత్తిలో తప్పుల్ని పురుగులంటారు కాబట్టి వెనకాల అందరూ ఆమెని పురుగులమ్మ అంటారు, ఎదురుగా మేడమ్ అంటారు. ఆమెకి రెండూ తెలుసు. నిజానికి మొదటి పేరంటేనే ఎక్కువ ఇష్టం, కాకపోతే మొహం మీద కనపడనివ్వదు.

యాప్‌లో ఉన్న ప్రతి బటనూ మనిషి కూర్చుని నొక్కి చూడాలంటే పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది. అందుకని టెస్టులు రాస్తారు. మనిషి బదులు తామే యాప్ తెరిచి, నొక్కి, నింపి, వెనక్కొచ్చే చిన్న చిన్న ప్రోగ్రాములవి. రోజూ పొద్దున్నే కొన్ని వందల టెస్టులు ఒకదాన్నొకటి తోసుకుంటూ పరుగెడతాయి. అవి ఏ పేజీలోకి వెళ్తే ఆ పేజీలోకి ఇంకో తనిఖీ ప్రోగ్రాము వెంటబడి వెళ్తుంది. చూపు ఆననివాళ్ళకి ఈ అక్షరాలు కనిపిస్తాయా? ఫోను పైకి చదివి వినిపించేటప్పుడు ఈ బటనుకి పేరంటూ ఒకటుందా? వణికే వేలికి ఇది అందుతుందా? అని చూస్తుంది. నియమం తప్పిన చోటల్లా రిపోర్టులో ఎర్రగీత గీస్తుంది. ఆఫీసులో వాటిని 'ఎర్రవి' అంటారు.

ఏడాదిగా ఆ రిపోర్టు పచ్చగా ఉంది. 'ఈ యాప్‌లో నియమాల ఉల్లంఘన ఏదీ లేదు' అని ఆసుపత్రికి ఇచ్చిన కాగితం మీద సంతకం పెద్దకోడలిది. నూటికి నూరుపాళ్ళూ నిజమా అంటే, కాదు. అప్పట్లో కొన్ని ఎర్రవి మిగిలిపోతే మూడో అంతస్తువాళ్ళు వచ్చి బతిమాలారు. "వచ్చే నెల సరిచేసేస్తాం మేడమ్, ఈసారికి వదిలెయ్యండి" అన్నారు. ఆమె వాటిని ఒక పక్కకి రాసిపెట్టి, వీటి జోలికి వెళ్ళొద్దని తనిఖీ ప్రోగ్రాముకి చెప్పింది. దానికి జట్టులో పేరు కూడా ఉంది, 'చూసీచూడని జాబితా'. ఆ వచ్చే నెల ఇంతవరకూ రాలేదు. అందరూ చేసేదే కదా అనుకుని ఆమె దాని సంగతే మర్చిపోయింది.

ఇప్పుడు ఉన్నట్టుండి ఎర్రవి వస్తున్నాయి. అన్నీ ఒకే చోట, మందుల ఆర్డరులో చివరి పేజీలో. వచ్చే సోమవారం ఆసుపత్రివాళ్ళు స్వయంగా వచ్చి, తమ కళ్ళముందు టెస్టులు నడిపించుకుని చూస్తామన్నారు. అప్పటికి ఎర్రవి ఉన్నాయంటే, ఏడాది కిందటి సంతకం ఏమిటని అడుగుతారు. సంతకం అబద్ధమని తేలితే కుర్చీ పోతుంది. మేనేజరు ఆ మాట పైకి అనలేదు గానీ, రోజుకి రెండుసార్లు వచ్చి "ఏమైనా తేలిందా మేడమ్?" అని అడిగి వెళ్తున్నాడు.

విచిత్రమేమిటంటే, ఆమె తన ఫోన్లో ఆ పేజీ తెరిస్తే ఎర్రగీత ఒక్కటి కూడా రాదు. పొద్దున టెస్టుల పరుగులో మాత్రం వస్తుంది. ఏ పేజీలో వచ్చిందో, ఏ బటను దగ్గర వచ్చిందో రిపోర్టు చెబుతుంది. ఆ పేజీలోకి ఏ టెస్టు వెళ్తే వచ్చిందో మాత్రం చెప్పదు. ఇంట్లో బురద అడుగులున్నాయి, ఎవరివో తెలియదు. అదీ పరిస్థితి.

ఇలాంటప్పుడు వేరేవాళ్ళు యంత్రాన్ని అనుమానిస్తారు. పెద్దకోడలు మనుషుల్ని అనుమానిస్తుంది. మనుషుల్లోనూ ముందుగా చిన్నకోడల్ని.

చిన్నకోడలంటే ఆమె మరిది భార్య. ఇద్దరిదీ ఒకే ఇల్లు, ఒకే ఆఫీసు. ఇంట్లో కింది వాటాలో అత్తగారూ పెద్దకొడుకూ ఉంటారు, పైవాటాలో చిన్నకొడుకు ఉంటాడు. ఆఫీసులో చిన్నకోడలిది మూడో అంతస్తు, అంటే యాప్ తయారుచేసే జట్టు. "ఎక్కడికెళ్ళినా నా నెత్తిమీదే కూర్చుంటుంది" అని పెద్దకోడలు ఒకసారి భర్తతో అంటే, అతను పడీపడీ నవ్వాడు. ఆమె నవ్వలేదు. ఎలా నవ్వుతుంది? ఆ ఉద్యోగం ఇప్పించింది తనే!

ఈ మధ్య ఇంట్లోనూ ఏదో నడుస్తోంది. అత్తగారి గదిలో తలుపు వేసుకుని ఆవిడా చిన్నకోడలూ గుసగుసలాడుకుంటారు. పెద్దకోడలు అటుగా వెళ్తే మాట ఆగిపోతుంది, ఫోను ఒళ్ళో బోర్లా పడుతుంది. ఇద్దరూ కలిసి బట్టలు కొంటామని బయటికి వెళ్ళి చేతిలో సంచీ లేకుండా తిరిగొచ్చారు. ఆ తర్వాత నాలుగు రోజులకి వీధి మలుపులో అత్తగారు కనపడితే, పెద్దకోడలు పక్కనుంచి వస్తూ చెయ్యెత్తి పలకరించబోయింది. ఆవిడ తల కూడా తిప్పకుండా తిన్నగా వెళ్ళిపోయింది. అన్నిటికంటే ఒళ్ళు మండించింది టీ సంగతి. వంటింట్లో డబ్బాలన్నీ ఒక పద్ధతీ పాడూ లేకుండా ఉన్నాయని పెద్దకోడలు ఆదివారమంతా నిలబడి చక్కగా సర్దింది. మర్నాడు భర్త స్నేహితులు వచ్చారు. అత్తగారు వాళ్ళకి టీలో పంచదారకి బదులు ఉప్పు వేసి ఇచ్చింది.

"కావాలనే చేశారండీ. నేను సర్దానని కక్ష" అంది పెద్దకోడలు.

"అమ్మకి పెద్దతనం వచ్చింది, ఏదో పొరపాటు" అన్నాడు భర్త.

"ఇన్నేళ్ళూ రాని పొరపాటు నేను సర్దిన మర్నాడే వచ్చిందా? ఆవిణ్ణి ఎవరు ఎక్కిస్తున్నారో నాకు తెలియదనుకోకండి."

ఇన్ని పోగేసుకున్న మనిషి ఒక్కసారైనా నోరు తెరిచి అడిగిందా అంటే, లేదు. అడిగితే జవాబు వస్తుంది, జవాబు వస్తే అనుమానం చేజారిపోతుంది. పెంచి పోషించుకున్నదాన్ని అంత తేలిగ్గా ఎవరు వదులుకుంటారు?

సరే, ఇంటి సంగతి అలా ఉంచి ఆఫీసులో కూపీ లాగడం మొదలుపెట్టింది. ఆ పని ఆమెకి వెన్నతో పెట్టిన విద్య. ప్రతి టెస్టుకీ ఒక తోక తగిలించింది. ఏ టెస్టు ఏ పేజీలోకి వెళ్తున్నా తన పేరు తనిఖీ ప్రోగ్రాముకి చెప్పి వెళ్ళాలి. అక్కడ ఎర్రగీత పడితే ఆ పేరు గీత పక్కనే అతుక్కుంటుంది. చెప్పడానికి ఒక్క ముక్కే గానీ, చెయ్యడానికి ఆమెకి ఒక రోజంతా పట్టింది. భోజనం డబ్బా మూత కూడా తియ్యలేదు.

మొదటిరోజు తోకలన్నీ గళ్ళచొక్కా రాసిన టెస్టు పేరే చూపించాయి. గళ్ళచొక్కా అంటే ఆమె జట్టులోనే పనిచేసే మనిషి. ఏ రంగు చొక్కా వేసుకున్నా గళ్ళుండాల్సిందే. లోపలికి రావడమే ఏదో ఒక పాటతో వస్తాడు. ఆమె అతని కుర్చీ పక్కన నిలబడి, "ఎవరు చెప్పారు నీకు ఇది పెట్టమని?" అంది.

"ఏది మేడమ్?"

"నీకు తెలియదా?"

"తెలిస్తే చెప్పనా మేడమ్? నా టెస్టు లాగిన్ అయ్యి బయటికొచ్చేస్తుంది, అంతే. అది మందుల వైపు కన్నెత్తి కూడా చూడదు."

"మూడో అంతస్తులో ఎవరితో తిరుగుతున్నావు ఈమధ్య?"

అతను నోరెళ్ళబెట్టాడు. తీరా చూస్తే రెండేసి టెస్టులు ఒకే కిటికీలోంచి యాప్‌లోకి దూరుతున్నాయి. ఒకదాని తోక ఇంకోదానికి చుట్టుకుంటోంది. తప్పు తోకది, గళ్ళచొక్కాది కాదు. పెద్దకోడలు క్షమించమని నోటితో అడిగే రకం కాదు కాబట్టి అతనికి టీ తెప్పించింది. అతను ఆ రోజంతా పాడలేదు. ఆమె ఒక్కో టెస్టుకీ విడివిడిగా ఒక్కో కిటికీ ఇచ్చి మళ్ళీ నడిపించింది.

మర్నాడు పొద్దున రిపోర్టు తెరిచింది. ఒక్కో ఎర్రగీత పక్కనా ఒక తోక. అన్ని తోకల మీదా ఒకటే పేరు.

'అత్తయ్య'.

పెద్దకోడలు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూసింది. టెస్టుకి పేరు పెట్టేటప్పుడు అది చేసే పనిని బట్టి పెడతారు, 'లాగిన్', 'మందు వెతకడం', 'చిరునామా మార్పు', ఇలా. మనిషి పేరుగానీ వరసగానీ ఎవరూ పెట్టరు. ఎవరు రాశారో చూసింది. చూడకముందే తెలుసు. చిన్నకోడలు.

ఒంట్లో రక్తమంతా చెవుల్లోకి వచ్చినట్టయింది. అయితే తను అనుకున్నది నిజమే! ఇంట్లో అత్తగారిని ఒళ్ళో పెట్టుకుని, ఆఫీసులో అదే పేరుతో తన కుర్చీ కింద గొయ్యి తవ్వుతోందన్నమాట. పైగా వెక్కిరింత కూడానా? మెట్లెక్కి మూడో అంతస్తుకి వెళ్ళింది. లిఫ్టు కోసం ఆగే ఓపిక లేదు.

చిన్నకోడలు ఆమెని చూడగానే కుర్చీలోంచి లేచింది. లేవడంలోనే ఏదో తప్పు చేసినట్టుంది.

"ఆ టెస్టు నీదా?"

"ఏది అక్కా?"

"నాటకాలొద్దు. అత్తయ్య."

చుట్టుపక్కలవాళ్ళు తలలెత్తారు. చిన్నకోడలు నేలచూపులు చూస్తూ, "నాదే అక్కా" అంది.

"మీ జట్టు టెస్టులు రాయాలని ఎవరు చెప్పారు? నాకు చెప్పకుండా నా వాటిల్లో కలపడానికి నీకెంత ధైర్యం?"

"చెప్పకూడదక్కా."

"చెప్పకూడదా! ఏమిటా చెప్పకూడనిది?"

"మీరొకసారి నడిపి చూడండి. మెల్లగా నడిపి చూడండి" అంది చిన్నకోడలు. కళ్ళు మాత్రం పైకెత్తలేదు. తప్పు చెయ్యనివాళ్ళు కళ్ళు దించుకోరని పెద్దకోడలి గట్టి నమ్మకం. ఇక అడగాల్సింది ఏమీ లేదనుకుని దిగి వచ్చేసింది.

కిందికొచ్చేసరికి మేనేజరు ఆమె బల్ల దగ్గరే ఉన్నాడు. సంగతి విని అతని మొహం చేటంత అయింది.

"ఇంకేం మేడమ్, దొరికిందిగా! మన లెక్కలో లేని టెస్టు, మనం అడగని టెస్టు. పీకిపారెయ్యండి. రిపోర్టు పచ్చబడుతుంది. సోమవారం దర్జాగా సంతకం పెట్టేద్దాం."

'పెట్టేద్దాం' అన్న మాట బహువచనమే. సంతకం మాత్రం ఏకవచనం. పెద్దకోడలికి ఆ తేడా తట్టకపోలేదు గానీ, అప్పుడామెకి కావాల్సింది కూడా అదే. టెస్టు పోవాలి, ఎర్రవి పోవాలి, సాయంత్రం ఇంటికెళ్ళి తోడికోడలి సంగతి అందరి ముందూ తేల్చాలి.

తీసెయ్యడానికి వేలు మీట మీద పెట్టింది. పెట్టి ఆగిపోయింది. జాలితో కాదు, అలవాటు కొద్దీ. చూడకుండా దేన్నీ వదలడం గానీ, తీసెయ్యడం గానీ ఆమె వల్ల కాదు. మెల్లగా నడిపి చూడమంది కదా, చూద్దాం, ఇంకేం దొరుకుతుందో, అనుకుంది.

టెస్టులు మెరుపులా పరుగెడతాయి. దీన్ని ఆమె నడకలోకి దించింది. తెర మీద యాప్ తెరుచుకుంది. టెస్టు చేసిన మొదటి పని అక్షరాలు పెద్దవి చెయ్యడం. ఇంకా పెద్దవి, ఇంకా పెద్దవి, ఇక పెరగవన్నంత పెద్దవి. టెస్టులో ఆ పని చెప్పే వరస పక్కన చిన్నకోడలు ఒక ముక్క రాసిపెట్టింది. టెస్టుల మధ్యలో మనుషులకోసం అలాంటి ముక్కలు రాసుకోవడం మామూలే. యంత్రం వాటిని చదవదు. అక్కడిలా ఉంది: 'ఇంత పెద్దవి చేసుకున్నా ఆనడం లేదు.'

తర్వాత టెస్టు పైకి చదివే గొంతు పెట్టింది. తర్వాత బటన్ల మీద ఒక్కొక్కటిగా దిగడం మొదలుపెట్టింది. ఏదీ వెతకడం లేదు, లెక్కపెట్టుకుంటోంది. 'చూసి నొక్కదు. పైనుంచి లెక్కపెట్టి నొక్కుతుంది. నాలుగోది మందులు.' నాలుగోది నొక్కింది. ఊరుకోకుండా మళ్ళీ నొక్కింది. 'మొదటిసారి నొక్కింది పడిందో లేదో తెలియదు, అందుకని రెండుసార్లు.' రెండుసార్లు నొక్కేసరికి పేజీ వచ్చినట్టే వచ్చి వెనక్కి పోయింది. టెస్టు విసుక్కోకుండా మళ్ళీ మొదటినుంచీ మొదలుపెట్టింది. పైనుంచి ఒకటి, రెండు, మూడు, నాలుగు.

సగంలో టెస్టు ఆగిపోయింది. పాడైందేమో అనుకుంది పెద్దకోడలు. కాదు, ఆగమనే రాసి ఉంది. పక్కన ముక్క చదివింది.

'ఇక్కడ కాసేపు ఆగుతుంది. గుమ్మం దగ్గర అడుగుల చప్పుడు వస్తోందేమో వింటుంది. ఎవరూ లేరనుకున్నాక కొనసాగిస్తుంది.'

ఆ అడుగులు ఎవరివో పెద్దకోడలికి ఇంకొకరు చెప్పక్కర్లేదు. 

టెస్టు చివరి పేజీకి చేరింది. కింద రెండు బటన్లున్నాయి, ఒకదాని మీద బాణం బొమ్మ, ఇంకోదాని మీద అడ్డగీత బొమ్మ. కళ్ళున్నవాళ్ళకి ఆ బొమ్మలు చాలు. పైకి చదివే గొంతు మొదటిదాని మీదికి వెళ్ళి "బటన్" అంది. రెండోదాని మీదికి వెళ్ళి "బటన్" అంది. మళ్ళీ మొదటిదాని మీదికి వచ్చి "బటన్" అంది.

'ఒకటి పంపించు, ఒకటి రద్దు. ఏది ఏదో చెప్పదు. అదృష్టం మీద ఒకటి నొక్కుతుంది. కంటిచుక్కల మందు ఇప్పటికి రెండుసార్లు రద్దయింది. రద్దయిందని కూడా తెలియలేదు. వస్తుందని ఎదురుచూస్తూ కూర్చుంది.'

పెద్దకోడలు చూసీచూడని జాబితా తెరిచింది. అందులో మొట్టమొదటిది ఈ జంటే. మందుల ఆర్డరు, చివరి పేజీ, పేరులేని బటన్లు రెండు. తన చేత్తో తను రాసింది. అక్షరాలు బాగా పెద్దవి చేసుకుంటే యాప్ ఆ పేజీని వేరే పేజీగా చూపిస్తుంది. జాబితా పాత పేజీని కప్పిందే గానీ ఈ పేజీని కప్పలేదు. అంత పెద్ద అక్షరాలతో వచ్చే మనిషి ఒకరుంటారని ఆమెకి గానీ, ఆమె జట్టుకి గానీ, వాళ్ళ వందల టెస్టుల్లో ఒక్కదానికి గానీ తట్టలేదు.

మందు తెప్పించుకునే మనిషి ఎవరో కాదు. వంటింట్లో డబ్బాల మీద వేలు ఆనించి ఎడమనుంచి లెక్కపెట్టుకునే మనిషి. తను ఆదివారమంతా నిలబడి ఆ లెక్క తప్పించింది. వీధి మలుపులో పక్కనుంచి ఎత్తిన చెయ్యి ఆవిడకి కనపడలేదు. ఒళ్ళో బోర్లా పడిన ఫోన్లో కుట్ర లేదు, పేరులేని రెండు బటన్లున్నాయి. తలుపు వేసుకుని ఆ ఇద్దరూ చేసింది ఇదన్నమాట, ఎక్కడ ఆగుతుందో, ఎక్కడ తడబడుతుందో, ఎన్నిసార్లు మొదటికొస్తుందో ఒక్కొక్కటే రాసుకోవడం. ఇన్నాళ్ళుగా తను ఎన్నో గుర్తులు పోగేసింది. ఒక్కటి కూడా తప్పు గుర్తు కాదు. అన్నిటికీ కలిపి చెప్పుకున్న అర్థం మాత్రం తప్పు.

మెట్లమీద చిన్నకోడలు ఎదురైంది. కిందికి రావాలా వద్దా అని సగంలో నిలబడి ఉంది.

"బట్టలకని వెళ్ళింది కంటి డాక్టరు దగ్గరికేగా? ఏమన్నాడు?" అంది పెద్దకోడలు, ఇంకే ముందుమాటా లేకుండా.

"నీటికాసులట అక్కా, కంట్లో ఒత్తిడి పెరిగే జబ్బు. పక్కచూపు చాలావరకు పోయింది. పోయింది తిరిగిరాదట. ఉన్నది నిలవాలంటే చుక్కలు ఒక్కరోజు కూడా మానకూడదన్నారు."

"మానేశారు కదా మరి!"

"మందు వస్తుందనే అనుకుంటూ కూర్చున్నారక్కా. రెండోసారి నాకు తెలిసి పరుగెత్తుకెళ్ళి తెచ్చాను. నేనే తెప్పిస్తానంటే ఒప్పుకోరు. నా మందు నేను తెప్పించుకోలేనా అంటారు. అది కూడా లాక్కుంటే ఆవిడకింకేం మిగుల్తుంది?"

"నాతో ఒక్కమాట చెప్పలేకపోయావా?"

"ఒట్టు వేయించుకున్నారక్కా. మీకు చెప్పొద్దని ఒట్టు." చిన్నకోడలు ఇప్పుడు కళ్ళెత్తి చూసింది. "టెస్టుకి చెప్పొద్దని అనలేదుగా. ఎర్రగీత పడితే మీరు వదలరని తెలుసు. ఎక్కడున్నా పట్టుకుంటారని తెలుసు. అందుకే పెట్టాను."

పెద్దకోడలు ఆమె భుజం మీద చెయ్యి వేసింది.  "పోయి ఆ బటన్లకి పేర్లు పెట్టు ముందు" అంది.

ఏడాదిపాటు వచ్చే నెల, వచ్చే నెల అంటూ సాగిన పని చిన్నకోడలు మధ్యాహ్నం భోజనాలకి ముందే చేసేసింది. 'మందులు పంపించు.' 'ఆర్డరు రద్దు.' రెండు పేర్లు, అంతే. ఆ రెండు పేర్లు లేక ఒక మనిషి కంటిచూపులో ఎంత కరిగిపోయిందో లెక్కకట్టే తనిఖీ ప్రోగ్రాము ఎక్కడా లేదు.

పెద్దకోడలు అక్కడితో ఊరుకోలేదు. చూసీచూడని జాబితా మొత్తం ఖాళీ చేసి టెస్టులన్నీ మళ్ళీ నడిపించింది. పచ్చగా ఉన్న రిపోర్టు పైనుంచి కిందిదాకా ఎర్రబారింది. దాన్ని మేనేజరుకి పంపి, కింద రెండు వాక్యాలు రాసింది. ఏడాది కిందటి సంతకం తప్పు. అది తప్పని నాకు తెలిసుండాల్సింది.

మేనేజరు పరుగులాంటి నడకతో వచ్చాడు.

"ఏంటి మేడమ్ ఇది? ఒక్క టెస్టు పీకెయ్యమంటే కొంపకి నిప్పెట్టారు! సోమవారం వాళ్ళు వస్తే నేనేం చెప్పాలి?"

"మీరేం చెప్పక్కర్లేదు. నేను చెప్తాను."

"సంతకం ఎవరిదని అడుగుతారు."

"నాదేనంటాను."

"మీ కుర్చీ..." అని అతను ఆగాడు.

"తెలుసు" అంది పెద్దకోడలు. తెలిసినా భయం వెయ్యలేదంటే అబద్ధం. ఆ కుర్చీకోసం పడ్డ పాట్లు ఆమెకి తెలుసు, అది పోతే ఎలా ఉంటుందో కూడా తెలుసు. అయినా ఆ జాబితాలో మిగిలిన ప్రతి వరస వెనకా ఎవరో ఒకరు గుమ్మంవైపు చెవి పెట్టుకుని కూర్చున్నట్టే అనిపిస్తోంది. అలా అనిపించాక ఇక మూసిపెట్టడం చేతకాలేదు.

సాయంత్రం ఎండ ఉండగానే ఇల్లు చేరింది. అత్తగారు ముందుగదిలో చేతుల కుర్చీలో కూర్చుని ఉంది. ఫోను ఒళ్ళోనే ఉంది.

"పెద్దదానివేనా? పెందలాడే వచ్చావే" అంది.

"నేనే అత్తయ్యా." పెద్దకోడలు చెప్పులు విడిచి, లోపలికి పోకుండా అక్కడే నిలబడింది. "మీ కళ్ళ సంగతి నాకు తెలిసింది."

ఆవిడ ఫోను అటూ ఇటూ తిప్పింది.

"చిన్నది చెప్పేసిందా?"

"లేదు. తను నోరు విప్పలేదు. నేనే పట్టుకున్నాను."

"పట్టుకున్నావూ" అని అత్తగారు చిన్నగా నవ్వింది. "పట్టుకుంటావులే. నీ దగ్గర ఏది దాగుతుంది."

"నాకెందుకు చెప్పలేదు అత్తయ్యా? ఒకే ఇంట్లో, ఒకే వాటాలో ఉన్నాం. పైవాటాలో ఉన్నదానితో చెప్పుకున్నారు గానీ నాతో చెప్పలేదు."

కోపంతో అడగలేదు. కోపంతో అడిగే హక్కు తనకి లేదని తెలుసు. అయినా అడగకుండా ఉండలేకపోయింది. అడగడం ఇదే మొదటిసారి.

"ఎలా చెప్పనమ్మా?" అంది అత్తగారు. గొంతులో దెప్పడం లేదు, వంటింటి సంగతేదో చెప్పినట్టే చెప్పింది. "నీకేం చెప్పినా ముందు అందులో తప్పెక్కడుందో చూస్తావు. అది నీ పని, నిన్ననడం లేదు. టీలో ఉప్పు పడ్డ రోజు నువ్వు నావైపు చూశావు. నాకు నీ మొహం సరిగ్గా ఆనలేదు గానీ, ఆ చూపు ఎలాంటిదో తెలిసింది. అప్పుడే చెప్పేద్దామనుకున్నాను. కళ్ళు కనపట్టం లేదంటే అది కూడా నా తప్పే అయిపోతుందేమో అనిపించింది. నోరు రాలేదు."

పెద్దకోడలు ఆఫీసులో ఎన్నో రిపోర్టులు ఇచ్చింది. ఎదుటివాళ్ళు మొహం మాడ్చుకుంటే, ఉన్నదే రాశాను కదా అనేది. ఉన్నది ఉన్నట్టు వినడం ఎలా ఉంటుందో ఇప్పుడు తెలిసింది.  

"చుక్కల వేళయిందా? నేను వెయ్యనా?" అంది.

అత్తగారు చెయ్యి చాచి కుర్చీ చేతిని తడుముకుంది.

"వద్దులేమ్మా. చిన్నది వచ్చాక వేస్తుంది. ఏమీ అనుకోకు. నువ్వు మీదికి వంగితే భయానికి నాకు కన్ను మూతపడిపోతుంది."

ఏమీ అనుకోకుండా ఎలా ఉంటుంది? కానీ అనుకోవాల్సింది ఆవిడ గురించి కాదు. పెద్దకోడలు ఒక పీట తెచ్చుకుని అత్తగారి కుర్చీకి పక్కగా, చప్పుడు చెయ్యకుండా కూర్చుంది. కళ్ళు తుడుచుకుంది. లేచి వెళ్ళబుద్ధి కాలేదు. ఇద్దరూ అలాగే ఉండిపోయారు. బయట ఎవరో సైకిలు ఆపి, ఎవరినో పిలిచి, జవాబు రాక వెళ్ళిపోయారు.

కాసేపటికి అత్తగారు ఎదురుగా ఉన్న గోడవైపు చూస్తూ, "వెళ్ళిపోయావా అమ్మాయ్?" అంది.

పెద్దకోడలు తల అడ్డంగా ఊపింది. ఊపాక గుర్తొచ్చింది, ఆవిడకి కనిపించదని.

"లేదత్తయ్యా, ఇక్కడే ఉన్నాను" అంది పైకి.